కయ్యమునకు ముందు కాగితము

తొలకరి వానలు పడి, విత్తనములు వేసి, పదునైదు దినములు గడచునప్పటికి ప్రతి సంవత్సరమును మాకొక ప్రశ్న వినవచ్చుచుండును. "అయ్యా, దుకాణమున కొన్న విత్తనము మొలవలేదు. నూటికి ముప్పది మొలకలైనను లేవు. ఇప్పుడేమి చేయవలెను?" ఈ ప్రశ్న నడుగు రైతు అప్పటికే రెండు పనులలో నొకదానిని చేసియుండును. దుకాణమునకు పోయి, నలుగురిలో కేకలు వేసి, రెండు మాటలని నాలుగు మాటలు పడి వచ్చియైన నుండును. లేక "మన నుదుట నిట్లు వ్రాసియున్నది" అని చేను దున్నించి మఱల విత్తించియైన నుండును. మొదటి పనివలన వర్తకునకు బాధ లేదు. రెండవ పనివలన వానికి మేలే కలుగును. ఏలయన, చెడ్డ విత్తనమునకు సాక్ష్యముగా నున్న చేను నాగటిచాలులో పూడిపోయినది.

ఈ రెండును గాక మూడవ మార్గమొకటి కలదు. వర్తకునకు మర్యాదగా జాబు వ్రాసి నష్టము నడుగుట, ఇయ్యనిచో జిల్లా కమిషనునందు ఫిర్యాదు దాఖలు చేయుట. ఈ మార్గము పట్టణవాసులకును చదువుకొన్నవారికిని మాత్రమే తగినదని మన గ్రామములలో నొక భ్రమ వ్యాపించియున్నది. మా యభిప్రాయము వేఱు. చట్టము రైతునకు చాలవఱకు తోడుగనే యున్నది. అయినను రైతు ఓడిపోవుచున్నాడు. విత్తిన తరువాత మొదటి పది పదునైదు దినములలో కూర్పవలసిన కాగితములు కూర్పకపోవుటయే దీనికి ముఖ్య కారణమని మేము తలంచుచున్నాము. ఆ కాగితములు ఎవ్వియో, వానిని ఎట్లు కూర్పవలెనో, ఈ పనిలో మన సహకార సంఘము చేయదగినదేమో ఇచ్చట విన్నవింతుము.

ముందుగా చట్టము సంగతి. వినియోగదారుల రక్షణ చట్టము మొదట 1986 సంవత్సరమున వచ్చెను. దాని స్థానమున 2019 సంవత్సరపు చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. సొమ్మిచ్చి వస్తువును కొని, తన జీవనోపాధికై వాడుకొనువాడు వినియోగదారుడని ఆ చట్టము చెప్పుచున్నది. "రైతు పంట నమ్ముకొని లాభము పొందును గనుక అతడు వ్యాపారస్థుడు, వినియోగదారుడు కాడు" అని విత్తన కంపెనీలు వాదించెడివి. అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునందలి రైతులు పలువురు జాతీయ విత్తన సంస్థపై తెచ్చిన ఫిర్యాదులలో సుప్రీముకోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పుచు ఈ వాదమును త్రోసిపుచ్చినది. విత్తనములకు వేఱుగ 1966 నాటి చట్టమున్నను వినియోగదారుల చట్టము క్రింద పరిహారము కోరుటకు అది అడ్డురాదనియు, కొన్న విత్తనమంతయు విత్తుకొను రైతు పరీక్షకొఱకు కొంత దాచియుంచునని ఎదురుచూడరాదనియు ఆ తీర్పునందు చెప్పబడినది. మన రైతులే పోరాడి, దేశమునందలి రైతులందఱకును తెచ్చిపెట్టిన తీర్పు ఇది.

అయితే ఒక్క తీర్పును మాత్రమే చదివి సంతోషపడి కూర్చుండరాదు. హర్యానా విత్తనాభివృద్ధి సంస్థపై నడచిన మఱియొక వ్యాజ్యములో అదే కోర్టు 2005 సంవత్సరమున వేఱొక సంగతి చెప్పియున్నది. చేనిలో పైరు సరిగా లేనంతమాత్రమున విత్తనమే చెడ్డదని నిర్ణయింపరాదనియు, చేను చూచిన అధికారుల నివేదికలో విత్తనము నాసిరకమని స్పష్టముగ నుండవలెననియు దాని సారాంశము. వ్యవసాయ ప్రదర్శకులమగు మాకు ఇందులో ఆశ్చర్యము లేదు. విత్తనము లోతుగ పడినను, పదును చాలకపోయినను, విత్తిన మఱునాడే జడివాన కురిసి పైమట్టి అట్టకట్టినను, బస్తాలను రేకుల క్రింద వేడిలో నుంచినను మంచి విత్తనము సైతము మొలవకపోవచ్చును. వర్తకుని వకీలు ఈ మాటలన్నియు చెప్పును. వానికి సమాధానము మన నోటిలో గాక మన కాగితములలో నుండవలెను.

ఇక కాగితముల సంగతి. ఇవి విత్తుటకు ముందే ప్రారంభమగును.

మొదటిది బిల్లు. 1983 నాటి విత్తనముల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము, రొక్కమునకు అమ్మినను అరువునకు అమ్మినను, విత్తన వ్యాపారి కొనువానికి బిల్లు ఇచ్చి తీరవలెను. బిల్లు అడుగుట వర్తకుని అనుమానించుట కాదు. చట్టము విధించిన పనిని చేయుమనుటయే. తెల్లకాగితముపై మొత్తము మాత్రము గీచి యిచ్చినచో అది చాలదు. రైతు పేరు, తేదీ, రకము, లాటు నంబరు, తూకము, ధర, సంతకము ఉండవలెను. రెండవది ఖాళీ సంచి, దానికి కుట్టిన చీటీ. రకము పేరు, లాటు నంబరు, మొలక శాతము, పరీక్ష జరిగిన తేదీ, అమ్మినవాని పేరు ఆ చీటీపై నుండును. చీటీని కత్తిరించి పాఱవేయువారు తమ సాక్షిని తామే వెళ్లగొట్టినవారగుదురు. తాను అమ్మిన ప్రతి లాటును గూర్చిన లెక్కలను విత్తన వ్యాపారి 3 సంవత్సరములు భద్రపఱచవలెనని 1968 నాటి విత్తనముల నియమములు చెప్పుచున్నవి. కావున లాటు నంబరు మన చేతిలో నున్నచో, ఆ సరకు ఎచ్చటనుండి వచ్చినదో తేల్చుట కష్టము కాదు. మూడవది, వీలైనంతవఱకు, గుప్పెడు విత్తనము. అది లేకపోయినను వ్యాజ్యము చెడదని పైని చెప్పిన 2012 నాటి తీర్పువలన తెలియుచున్నది. ఉన్నచో బలము హెచ్చును.

విత్తుటకు వారము ముందు 100 గింజలను లెక్కించి, తడిగోనెలో చుట్టి నీడనుంచి, మొలకలు లెక్కపెట్టుట మన పెద్దలెఱిగిన పనియే. వరికి 80, వేరుసెనగకు 70, మినుము పెసలకు 75 మొలకలైనను ఉండవలెనన్నది ధ్రువీకరణ విత్తనమునకు నిర్ణయించిన కనీసపు మొలక. ఇంతకు తగ్గినచో చల్లక మునుపే బస్తా తిరిగి యిచ్చివేయవచ్చును. ఇంతకంటె చౌకయైన వ్యాజ్యము లేదు.

ఇంత జాగ్రత్త పడినను విత్తనము మొలవలేదనుకొందము. అప్పుడు రైతు చేయవలసిన మొదటి పని దుకాణమునకు పోవుట కాదు. మండల వ్యవసాయాధికారికి వ్రాతమూలముగ అర్జీ యిచ్చి, దాని నకలుపై చేరినట్లు సంతకమును తేదీని వేయించుకొనుట. చెడు విత్తనమువలన పైరు పోయినదని రైతు వ్రాసియిచ్చినచో విత్తన ఇన్‌స్పెక్టరు ఆ సంచిని, చీటీని, మిగిలిన విత్తనమును స్వాధీనపఱచుకొని కారణములు విచారించి నివేదిక వ్రాయవలెనని విత్తనముల నియమములలో నున్నది. నోటిమాటగ చెప్పినచో ఈ విధి ఎవ్వరికిని పట్టదు. సంచియు చీటీయు అప్పగించుటకు ముందు వాని ఛాయాచిత్రములు తీసి, అప్పగించినందుకు రసీదు తీసికొనవలెను. చేను చూచు దినమును వర్తకునకును కంపెనీ మనుష్యునకును ముందుగా తెలుపుట మంచిది. వచ్చినచో వారి యెదుట పరిశీలన జరుగును, రానిచో రాలేదని వ్రాసికొనవచ్చును. అదే లాటు విత్తనము వేసిన పొరుగు చేలను, వేఱొక లాటు వేసి బాగుగ మొలచిన చేలను అధికారికి చూపవలెను. నేలయు వానయు ఒక్కటియే అయి విత్తనము మాత్రము వేఱయినప్పుడు దోష మెచ్చట నున్నదో నివేదిక వ్రాయువానికి సులభముగ బోధపడును.

ఇచ్చట రైతునకు నిజమైన సంకటమొకటి కలదు. అధికారి వచ్చువఱకు చేను దున్నకుండ నుంచినచో అదను తప్పును. అదను కొఱకు దున్నినచో సాక్ష్యము పోవును. అదను పోగొట్టుకొని వ్యాజ్యము నెగ్గుమని మేము చెప్పజాలము. రైతునకు పంటయే ప్రధానము. మా సలహా యేమనగా, చేనికి నడుమ నొకచోటను అంచున నొకచోటను నాలుగైదు సాళ్ల వెడల్పున రెండు పట్టెలు దున్నక విడిచి, మిగిలినది దున్ని మఱల విత్తుడు. దున్నుటకు ముందు చేను నలుమూలలనుండి చేతిఫోనుతో ఛాయాచిత్రములు తీయుడు. పొరుగు రైతు లిద్దరిని పిలిచి, గజము పొడవు సాలులో ఎన్ని గింజలు పడినవో, ఎన్ని మొలచినవో పదిచోట్ల లెక్కించి కాగితముపై వ్రాసి వారిచేత సంతకములు చేయించుడు. ఈ పనికి ఒక పూట పట్టును. దీనివలన అదనును సాక్ష్యమును రెండును నిలుచును.

తరువాత జాబు. వర్తకునకును, విత్తనము తయారుచేసిన కంపెనీకిని ఇద్దఱకును వ్రాయవలెను. వినియోగదారుల చట్టము ప్రకారము ఫిర్యాదుకు ముందు ఇట్టి జాబు వ్రాసి తీరవలెనను నిర్బంధము లేదు. అయినను వ్రాయుటయే మేలు. కొందఱు వర్తకులు జాబు చూచియే సమాధానపడుదురు. సమాధానపడనివారు జవాబు వ్రాసినచో వారి వాదమేమో మనకు ముందే తెలియును. జవాబే యియ్యకున్నచో ఆ మౌనమును కమిషనువారు గమనింతురు. జాబును వకీలే వ్రాయనక్కఱలేదు. మాదిరి యొకటి ఈ క్రింద నిచ్చుచున్నాము. ఇందలి అంకెలు మాదిరికే.

"అయ్యా, నేను ఫలానా గ్రామమున 2 ఎకరముల మెట్టభూమి సాగుచేయు రైతును. జూన్ 12వ తేదీన తమ దుకాణమున ఫలానా రకపు వేరుసెనగకాయ విత్తనము 30 కిలోల బస్తాలు 6, బస్తా రూ. 2,850 చొప్పున, రూ. 17,100 చెల్లించి కొంటిని. బిల్లు నంబరును లాటు నంబరును క్రింద వ్రాసితిని. జూన్ 20వ తేదీన పదునున్న నేలలో విత్తితిని. జూలై 2వ తేదీనాటికి మొలక నూటికి 30 మించలేదు. బస్తా చీటీపై మొలక శాతము 70 అని యున్నది. జూలై 3వ తేదీన మండల వ్యవసాయాధికారికి అర్జీ యిచ్చితిని. వారు జూలై 6వ తేదీన చేను చూచి వ్రాసిన నివేదిక నకలు జతపఱచితిని.

"నాకైన ఖర్చు: విత్తనము రూ. 17,100, దుక్కి రూ. 6,000, విత్తు కూలి రూ. 4,000, ఎరువు రూ. 4,900, మొత్తము రూ. 32,000. ఈ సొమ్మును ఈ జాబు తమకు చేరిన 15 దినములలోపల చెల్లింప కోరుచున్నాను. చెల్లింపనియెడల ఈ సొమ్మునకును, పంటనష్టమునకును, ఖర్చులకును జిల్లా వినియోగదారుల కమిషనునందు ఫిర్యాదు దాఖలు చేయుదునని తెలియజేయుచున్నాను. ఇట్లు, (సంతకము, తేదీ, చిరునామా)."

ఈ జాబులో ఏమి యున్నదో, ఏమి లేదో గమనింపుడు. తేదీలు వరుసగ నున్నవి. ప్రతి మాటకును ఒక కాగితము ఆధారముగ నున్నది. ఎంత సొమ్ము కావలెనో, ఎన్ని దినములలో కావలెనో, ఇయ్యనిచో ఏమి జరుగునో స్పష్టముగ నున్నది. తిట్టు లేదు. పోలీసుల పేరు చెప్పి బెదరించుట లేదు. దేవుని మీద ప్రమాణములు లేవు. వ్రాసిన తరువాత ఒక్కొక్క వాక్యమునే చదివి, "దీనికి నావద్ద కాగితమున్నదా?" అని ప్రశ్నించుకొనుడు. లేని వాక్యమును కొట్టివేయుడు. తిట్లతో నిండిన జాబును కమిషనునందు చదివినప్పుడు తలవంచుకొనవలసినవాడు దానిని వ్రాసినవాడే.

నష్టపు లెక్కలో నిజాయితీ ముఖ్యము. మఱల విత్తి పంట పండించుకొన్న రైతు మొదటి విత్తుకైన ఖర్చును, అదను తప్పుటవలన దిగుబడి తగ్గినచో ఆ తగ్గుదలను అడుగవచ్చును. కాలము మించి చేను బీడుపడిన రైతు పంట విలువనే అడుగవచ్చును. అయితే కోతకును నూర్పిడికిని కావలసియుండిన ఖర్చును అందులోనుండి తగ్గింపవలెను. ఎకరమునకు ఎన్ని బస్తాలు పండియుండెడిదో ఊహించి వ్రాయక, అదే సంవత్సరమున పొరుగు చేలలో పండిన దిగుబడిని, మార్కెట్టుయార్డు ధరను చూపవలెను. పది బస్తాలు పండు నేలకు ఇరువది వ్రాసినవాని మిగిలిన లెక్కలను గూడ ఎవ్వరును నమ్మరు.

జాబును తపాలాలోనే పంపవలెను. రిజిస్టరు తపాలా 2025 సంవత్సరమున స్పీడుపోస్టులో కలిసిపోయినది. కావున స్పీడుపోస్టునందే రిజిస్ట్రేషను సదుపాయమును, చేరినట్లు రుజువును కోరి పంపుడు. తపాలా రసీదును, జాబు నకలును ఒకేచోట కుట్టి యుంచుడు. అసలు బిల్లును, అసలు చీటీని జాబుతో నెన్నడును పంపకుడు. "సంచులను కంపెనీకి చూపవలెను, ఇచ్చిపొమ్ము" అని ఎవరైన వచ్చి యడిగినను నకళ్లు ఇయ్యుడు. వర్తకుడు సమాధానమునకు వచ్చినచో కాదనకుడు. రాజీ వ్యాజ్యముకంటె ఎప్పుడును చౌక. కాని పుచ్చుకొన్నది పూర్తి పరిహారమా, కొంత భాగమా అనునది రసీదులో స్పష్టముగ వ్రాయవలెను. తెల్లకాగితముపై సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయరాదు.

పదునైదు దినములు గడచినవి, జవాబు లేదు. ఇప్పుడు ఫిర్యాదు. విత్తనమునకు మనము చెల్లించిన ధర రూ. 50 లక్షలు మించనంతవఱకు జిల్లా కమిషను విచారించును. ఆ ధర రూ. 5 లక్షలు మించనియెడల రుసుము లేనే లేదు. రుసుము లెక్కించునది చెల్లించిన ధరనుబట్టి. కోరు నష్టమునుబట్టి కాదు. కావున మన చిన్న రైతులందఱకును ఈ ద్వారము ఉచితముగనే తెఱచియున్నది. 2019 నాటి చట్టముతో కలిగిన గొప్ప మేలు మఱియొకటి కలదు. కంపెనీ యెచ్చట నున్నను, రైతు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. హైదరాబాదు కంపెనీపై వ్యాజ్యమునకు రాయదుర్గము రైతు హైదరాబాదు పోనక్కఱలేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. తన మాట తానే చెప్పుకొనవచ్చును.

ఫిర్యాదులో వ్రాయవలసినది జాబులో వ్రాసినదే. దానికి ఫిర్యాది పేరును, వర్తకుని కంపెనీల పేర్లును చిరునామాలును, జాబు పంపిన సంగతియు, కోరు పరిహారమును చేర్చవలెను. చెప్పినది నిజమని ప్రమాణపత్రము జతపఱచి, కాగితములకు వరుసగ నంబర్లు వేసి, కమిషనుకును ప్రతివాదులకును చాలినన్ని నకళ్లు ఇయ్యవలెను. ఇంటర్నెట్టుద్వారా దాఖలు చేయు ఏర్పాటును కలదు. కష్టము కలిగిన దినమునుండి 2 సంవత్సరములలోపల దాఖలు చేయవలెను. ఫిర్యాదు తీసికొనదగినదా కాదా అనునది సాధారణముగ 21 దినములలో తేల్చవలెను. మన మాట వినకుండ త్రోసివేయరాదు. నోటీసు చేరిన ప్రతివాది 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. కమిషను మఱి 15 దినములకు మించి గడు వియ్యజాలదని సుప్రీముకోర్టు 2020 మార్చిలో తీర్పు చెప్పియున్నది. పరీక్ష అక్కఱలేని వ్యాజ్యమును 3 నెలలలో, పరీక్షకు పంపవలసినదానిని 5 నెలలలో ముగింప యత్నింపవలెనని చట్టమున నున్నది. ఉన్నంతమాత్రమున అట్లే జరుగునని మేము చెప్పము. వాయిదాలుండును, అప్పీళ్లుండును. అయితే జిల్లా కమిషను తీర్పుపై అప్పీలు చేయు ప్రతివాది తీర్పులోని సొమ్ములో సగము ముందుగా కట్టవలెను. తీర్పును పాటింపనివానికి నెలకు తగ్గకుండ 3 సంవత్సరముల వఱకు ఖైదుగాని, రూ. 25,000 మొదలు లక్ష వఱకు జుల్మానాగాని, రెండును గాని విధింపవచ్చును.

ఇది కొనువాని కచ్చేరి యని మఱువకుడు. పంట కొన్న దళారి సొమ్ము బాకీపడినచో అక్కడ మనము అమ్మినవారము. ఆ బాకీకి సాధారణముగ సివిలు కోర్టునందు 3 సంవత్సరములలోపల దావా వేయవలెను. దావాకు ముందు లోక్ అదాలతునకు అర్జీ పెట్టుకొన్నచో రుసుము లేకుండ రాజీకి ప్రయత్నము జరుగును; రెండు పక్షములును ఒప్పుకొన్న యెడల అక్కడి తీర్మానము కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో పనిలేకుండ ఉచితముగ వకీలు నిచ్చుటకు 1987 నాటి న్యాయసేవల చట్టము వీలు కల్పించినది. న్యాయసేవల కొఱకు 15100, వినియోగదారుల సలహా కొఱకు 1915 నంబర్లకు ఫోను చేయవచ్చును.

ఇంతవఱకు చదివిన రైతు మనసులో ఒక మాట మెదలుచుండునని మాకు తెలియును. "ఇదంతయు బాగుగనే యున్నది. కాని మఱల విత్తనమునకు అరువిచ్చువాడు ఆ వర్తకుడే. ఎరువు వానిదే. పంట కొనువాడును వాడే. వానికి నోటీసు పంపి నేనేట్లు బ్రతుకుదును?" ఈ మాటలో అసత్యము లేదు. బిల్లు అడుగుటకు నోరు రాని రైతు అజ్ఞాని కాడు, అప్పులో నున్నవాడు. అట్టివానికి చట్టము నెంత బోధించినను ప్రయోజనము లేదు. సహకార సంఘము పని అక్కడనే ప్రారంభమగుచున్నదని మా దృఢాభిప్రాయము.

సంఘము మూడు పనులు చేయవలెనని మేము కోరుచున్నాము. ఒకటి: విత్తు కాలమున సభ్యులు ఎచ్చట కొన్నను, బిల్లు నంబరును లాటు నంబరును వ్రాసికొనుటకు సంఘ కార్యాలయమున నొక పుస్తకము పెట్టవలెను. ఒక గ్రామమున ఇరువదిమంది చేలలో ఒకే లాటు చెడినదని ఆ పుస్తకమువలన ఒక్క చూపులో తెలియును. అట్టివారందఱును కమిషను అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు చేయుటకు చట్టము ఒప్పుకొనుచున్నది. ఒక్క రైతునకు అరువు మాన్పింపగల వర్తకుడు ఇరువదిమందికి మాన్పించి వ్యాపారము చేయజాలడు. రెండు: జాబు మాదిరిని అచ్చువేయించి యుంచి, వ్రాతరాని సభ్యులకు గుమాస్తాచేత వ్రాయించి పంపవలెను. మూడు, అన్నిటికంటె ముఖ్యమైనది: మొలక చెడిన సభ్యునకు మఱువిత్తు కొఱకు చిన్న అప్పును వారములోపల మంజూరు చేయుటకు పాలకవర్గము తీర్మానింపవలెను. రెండవ విత్తనమునకు పాత వర్తకుని గడప తొక్కనక్కఱలేని రైతునకే మొదటి విత్తనమును గూర్చి జాబు వ్రాయు ధైర్యము కలుగును.

మన సంఘముసైతము విత్తనములు, ఎరువులు అమ్ముచున్నది గదా, సంఘపు సరకే చెడినచో ఏమగునని సభ్యులు అడుగవచ్చును, అడుగవలెను గూడ. తాకట్టు పెట్టిన వడ్లబస్తాల విషయమై తమిళనాటి సహకార వ్యవసాయ పరపతి సంఘమొకదానికిని దాని సభ్యులకును నడచిన వ్యాజ్యములో, సహకార చట్టమున వేఱుగ తగవు తీర్చు ఏర్పాటున్నను సభ్యుడు వినియోగదారుల కచ్చేరికి పోవచ్చునని సుప్రీముకోర్టు 2003 డిసెంబరులో తీర్పు చెప్పినది. ఇది సంఘమునకు అవమానము కాదు. వర్తకుని అడుగు బిల్లును మన గుమాస్తాను గూడ అడుగుడు. సంఘమిచ్చు బిల్లులో లాటు నంబరు లేనినాడు, వర్తకుని బిల్లును తప్పుపట్టుటకు సంఘమునకు అధికారము లేదు.

రైతు సోదరులారా! వ్యాజ్యములు పెంచుట మా యుద్దేశము కాదు. కోర్టు మెట్లెక్కి ఆస్తులు కరగించుకొన్న కుటుంబములు మన గ్రామములలో నున్నవని మేమెఱుగనివారము కాము. కాని నష్టమును నోరుమూసికొని భరించుట శాంతము కాదు. అట్లు భరించినచో ఆ చెడ్డ లాటే వచ్చు సంవత్సరమున వేఱొక గ్రామమునకు బండి కట్టుకొని పోవును. ఈ మాసమున విత్తనము కొనబోవువారు ఇంటనొక గుడ్డసంచి కుట్టించి దూలమునకు వ్రేలాడదీయుడు. అందులో బిల్లు, చీటీ, గుప్పెడు గింజలు వేసి యుంచుడు. పైరు బాగుగ వచ్చినచో సంక్రాంతికి దానిని దులిపి వేయవచ్చును. రానిచో మీ జాబులోని మొదటి నాలుగు వాక్యములు అప్పటికే ఆ సంచిలో సిద్ధముగ నుండును.